ఇస్త్రీ ఒక్కటే మిగిలింది

మా ఇంకొల్లు హైస్కూల్లో నేను తెలుగు చెబుతాను. పిల్లలచేత పర్యాయపదాలు వల్లె వేయించడం నా ఉద్యోగంలో భాగం. సూర్యుడికీ, నీళ్ళకీ, తామరపువ్వుకీ కావలసినన్ని ఉన్నాయి. చేస్తామని ఒప్పుకుని, చెయ్యకుండా, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయిన పనికి మాత్రం నిఘంటువులో సరైన మాట దొరకదు. బకాయి అంటే డబ్బు గుర్తొస్తుంది, పెండింగు అంటే ఆఫీసు గుర్తొస్తుంది. మండలాఫీసులో దాన్ని 'పరిశీలనలో ఉంది' అంటారు, కరెంటాఫీసులో 'పైకి రాశాం' అంటారు. భాషకున్న ఈ లోటు తీర్చినవాడు బస్టాండు ఎదురుగా కుట్టుమిషను పెట్టుకున్న సిలార్.

సిలార్ చెయ్యి మంచిది. అందుకే ఊరంతా గుడ్డలు తెచ్చి ఆయనకే ఇస్తుంది, ఇచ్చి చెప్పులరగదీసుకుంటుంది. ఆయన భాషకి అర్థాలు నేను చాలా కష్టపడి నేర్చుకున్నాను. 'మిషను మీద ఉంది మాస్టారూ' అన్నాడంటే మన గుడ్డ ఇంకా కవరులోనే ఉందన్నమాట. 'కాజాలకి పోయింది' అంటే చొక్కాకి చేతులు కూడా అతకలేదని. 'దారం రంగు కలవలేదు' అన్నాడంటే గుడ్డ ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలియదు. అన్నిటికన్నా ప్రమాదమైనది 'ఇస్త్రీ ఒక్కటే మిగిలింది'. అది నమ్మినవాడు బయట బెంచీ మీద కూర్చుని, టీ మీద టీ తాగి, చీకటి పడ్డాక ఉత్త చేతులతో ఇంటికి పోతాడు.

ఒళ్ళు మండి మన గుడ్డ మనం తెచ్చేసుకుందామా అంటే అదీ కుదరదు. కొలతలిచ్చి మనం గుమ్మం దిగామో లేదో, ఆయన కత్తెర తీసి గుడ్డ కత్తిరించేస్తాడు. కుట్టడానికి కాదు, ఇంకో టైలరు దగ్గరికి పోకుండా. తర్వాత ఆ ముక్కలు మూటగట్టి బీరువా మీద పడేస్తాడు. పత్తికి మంచి ధర పలికిన ఆ ఏడు ఆ మూటలు పైకప్పుని తాకాయి. పోస్టుమాస్టరు గారి ప్యాంటు ముక్క అట్టడుగున ఉందని మా అందరికీ తెలుసు.

ఆ ఏడే ఆయన కూతురు ఆయేషాకి పెళ్ళి కుదిరింది. అబ్బాయి తండ్రి మాబు సాహెబ్ వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీ మేస్త్రీ, మాట పట్టింపు మనిషి. ఆడపెళ్ళివారు పెళ్ళికొడుక్కి పెట్టే బట్టల్ని వాళ్ళు జోడా అంటారు. పెళ్ళికి ముందురోజు జోడా పెట్టిన పళ్ళాలు తమ ఇంటికి రావాలని, రాకపోతే ఇంకొల్లుకి పెళ్ళికొడుకు బండి కదలదని ఆయన ముందే చెప్పేశాడు. అన్నంత పనీ చేసే రకమని ఆ ఊరివాళ్ళు కూడా చెప్పారు.

సిలార్ భార్య నసీమున్నీసాకి మొగుడి సంగతి కొత్తగా తెలియాలా? షేర్వాణీ గుడ్డ కొనుక్కొచ్చి, దాన్ని చీరాల టైలరుకి ఇస్తానని అన్నం తింటూ నోరు జారింది. ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చేలోగా మహానుభావుడు గుడ్డ కత్తిరించేశాడు. ఊరందరి మీదా వేసే ఎత్తు పెళ్ళాం మీద కూడా వేశాడు. తన అల్లుడు వేరేవాడు కుట్టింది వేసుకుంటే తను తలెత్తుకోలేడట.

ఆ తర్వాత మాబు సాహెబ్ ఎప్పుడు కబురు పెట్టినా అదే భాష. మిషను మీద ఉంది, కాజాలకి పోయింది. ఆయన పాపం వేటపాలెం మనిషి, అర్థాలు తెలియవు, సంతోషపడేవాడు. ఇంట్లో ఆయేషాకి మాత్రం అన్నం సహించేది కాదు. బండి రాకపోతే ఊళ్ళో తన మొహం ఎలా చూపించాలని నా భార్య దగ్గర కూర్చుని ఏడ్చిందట. ఆ మాట విన్నాక నాకు నవ్వు ఆగిపోయింది.

పళ్ళాలు వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే నసీమున్నీసా మా ఇంటికొచ్చి, మీరు చెబితే వింటాడు మాస్టారూ, రండి అంది. వెళ్ళి చూస్తే షేర్వాణీ బల్ల మీద ముక్కలుగా ఉంది. ఇస్త్రీ ఒక్కటే మిగిలిందని సిలార్ అలవాటుగా మొదలుపెట్టి, భార్య మొహం చూసి ఆపేశాడు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"చెయ్యి ఆడటంలా మాస్టారూ. ఇది పూర్తయిందంటే పిల్ల వెళ్ళిపోద్ది" అన్నాడు.

తండ్రి మనసు తెలుసుకోకుండా ఇన్నాళ్ళూ వెక్కిరించానని నన్ను నేను తిట్టుకున్నాను. నసీమున్నీసా బీరువా మీదికి చూసింది.

"పోస్టుమాస్టరు గారి ప్యాంటు రెండేళ్ళ నుంచీ అక్కడే ఉంది. ఆయన్ని కూడా అత్తారింటికి పంపుతున్నావా?"

సిలార్‌కున్న అంత పెద్ద నిఘంటువు ఒక్కసారిగా మూతబడింది. ఆవిడ నన్ను బస్సెక్కించి చీరాల తీసుకెళ్ళింది. రెడీమేడ్ కొట్టులో షేర్వాణీ తీసుకుని, ఒక్కో గుండీ పెట్టి తీసి చూసుకుంది. మధ్యాహ్నానికి పళ్ళాలు వేటపాలెం చేరాయి, మర్నాడు బండి ఇంకొల్లు వచ్చింది. రెడీమేడ్ అని మాబు సాహెబ్ ఏమన్నా అంటాడేమోనని మేం భయపడ్డాం. ఆయన మాత్రం చెప్పిన రోజుకి వచ్చిందని పదిమందిలో మెచ్చుకున్నాడు.

నిఖా బాగా జరిగింది. సిలార్ ఒక మూల మూతి ముడుచుకుని కూర్చున్నాడు. దువా చదవడం అయ్యాక అందరూ లేచి పెళ్ళికొడుకుని కౌగిలించుకుంటుంటే ఆయనకీ లేవక తప్పలేదు. అల్లుణ్ణి గుండెకి హత్తుకున్నాడు. హత్తుకున్న చెయ్యి భుజం కుట్టు మీదికి పాకింది, అక్కణ్ణించి మోచేతికి, మణికట్టుకి. ఆయన మొహం వెలిగిపోయింది.

"చేతులు పొడుగైనయ్యి అల్లుడుగారూ. ఇట్టా ఇప్పి ఇవ్వండి, ఐదు నిమిషాల పని" అన్నాడు.

మామగారి మాట కాదనలేక ఆ అబ్బాయి పైగుండీ మీద చెయ్యి వేశాడు. తెర అవతల ఆడవాళ్ళ మధ్య తలొంచుకుని కూర్చున్న ఆయేషా గొంతు పందిరంతా వినిపించింది.

"ఇవ్వమాకండి."

పెళ్ళయ్యాక మొగుడితో ఆ పిల్ల అన్న మొదటి మాట అది. అతను గుండీ వదిలేసి, పొడుగు చేతులు రెండు మడతలు పైకి మడుచుకున్నాడు.