నడిముక్క

"మీ పిల్ల బతకడం లేదండీ" అని సంపాదకురాలు ఫోన్‌లో అన్నప్పుడు నా రెండు చేతులూ బియ్యం కడిగే గిన్నెలో ఉన్నాయి. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంది. "బతకదంటారా?" అన్నాను. ఆ మాట కాస్తా హాల్లో ఉన్న మా అత్తయ్య చెవిన పడింది. "ఎవరు బతకరు? ఏ ఆస్పత్రి?" అంటూ మోకాళ్ళ నొప్పి మరిచిపోయి వంటింటి గుమ్మం దాకా వచ్చింది. నవల్లో పిల్ల అత్తయ్యా అని చెబితే, "ఓస్, నీ పడవ పిల్లా" అని వెనక్కి తిరిగింది. మోకాళ్ళ నొప్పి అప్పుడు గుర్తొచ్చినట్టుంది, గోడ పట్టుకుని నడిచింది.

పడవ పిల్లకి పదిహేనేళ్ళు. తుఫానులో పెద్ద పడవ మునిగిపోతే, దానికి కట్టి ఉన్న చిన్న పడవలోకి దూకి ఒక్కతే మిగిలింది. నేను పనిచేసే స్కూలు లైబ్రరీలో సాహస కథలున్న బీరువా ఒకటుంది. అందులో సముద్రంలో తప్పిపోయినవాళ్ళందరూ మగపిల్లలే. ఆడపిల్లలు చివరి పేజీలో ఒడ్డున నిలబడి ఏడుస్తూ ఉంటారు. అది చూసి చూసి ఒళ్ళుమండి మొదలుపెట్టిన నవల ఇది. పిల్లకి కావలసినవన్నీ ఇచ్చాను. టార్పాలిన్ ఇచ్చాను, దాంతో వాన నీళ్ళు పడుతుంది. పిన్నీసు ఇచ్చాను, దాన్ని వంచి గాలం చేసుకుంది. అయినా అధ్యాయం అధ్యాయానికీ నీరసించిపోతోంది. "నీళ్ళున్నాయి, చేపలు పడుతున్నాయి, గాలి కూడా ఒడ్డు వైపే వీస్తోంది. మరి ఎందుకు చచ్చిపోతోంది? చదివే పిల్లలు అడుగుతారు కదండీ" అన్నారు సంపాదకురాలు. రేపటికల్లా సరిచేసి పంపాలట. చేతకాకపోతే జాలరి కుర్రాడెవరైనా వచ్చి కాపాడినట్టు రాసేస్తే పుస్తకం అచ్చుకి పంపేస్తారట.

జాలరి కుర్రాడు నాకొద్దు. ఆ పిల్ల తన కాళ్ళ మీద తను ఒడ్డెక్కకపోతే ఈ నవల రాయడమే దండగ. అలాగని దాన్ని బతికించడం నాకు చేతకావడం లేదు. బలం రావాలని రాస్తాను, వాక్యం పూర్తయ్యేసరికి దానికి కళ్ళు తిరుగుతాయి. నాకు కూర్చోబుద్ధి కాదు, లేవబుద్ధి కాదు. కుక్కర్ కూతకీ కూతకీ మధ్య రెండు వాక్యాలు, బట్టలు ఆరేసి వచ్చి ఒకటి, మళ్ళీ అది కొట్టేసి లేవడం. మా ఆయన స్నేహితుల ముందు అంటాడు కదా, "బకెట్లో నీళ్ళు చూస్తేనే భయం, నవల మాత్రం నడిసముద్రం మీద" అని. స్కూల్లో మీటింగ్ ఉన్నప్పుడల్లా ప్రిన్సిపాల్ "లైబ్రరీలో మీకు ఖాళీయే కదా మేడం" అని టీ, బిస్కెట్ల పని నాకు అప్పగిస్తాడు. వ్యాయామం మాస్టారికి అంతకంటే ఖాళీ, ఆయన కుర్చీలో కూర్చుని చక్కెర తక్కువైందని చెబుతాడు. ఇక మా అత్తయ్య, "ఆ పిల్లనెవరినో తొందరగా ఒక ఒడ్డున పడెయ్యవే తల్లీ, ఇంట్లో పనులు ఎక్కడివక్కడే ఉండిపోతున్నాయి" అంటుంది. మన భాషలో ఆడపిల్లని ఒడ్డున పడెయ్యడమంటే పెళ్ళి చేసెయ్యడమే. ఆ లెక్కన జాలరి కుర్రాడు వస్తే రెండర్థాలూ ఒకేసారి తీరిపోతాయి.

ఫోన్ వచ్చిన ఆ రోజు ఆదివారం. పొయ్యి మీద చేపల కూర ఉడుకుతోంది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి వంటింటి గట్టెక్కి కూర్చుని, నేను రాసిన కాగితాలు చదువుతోంది. చదువుతూ చదువుతూ కాళ్ళు ఊపడం ఆపేసింది.

"అమ్మా, పడవలో దీంతో పాటు ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరే. ఒక్కతే."

"మరి నడిముక్క ఎవరికోసం దాచింది?"

నాకు అర్థం కాలేదు. కాగితం నా ముందు పెట్టి వేలుతో చూపించింది. "చూడు. చేపని మూడు ముక్కలు కోసింది. తోక తను తింది. నడిముక్క తడిగుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. ఇక్కడా అంతే, ఇక్కడా అంతే. వాన నీళ్ళు పట్టినప్పుడు పైన తేరిన నీళ్ళు సీసాలో పోసి మూత పెట్టేసింది, అడుగున మిగిలిన మురికి నీళ్ళు తాగింది."

"రేపటికి దాచుకుంది. సముద్రంలో పొదుపుగా ఉండాలి కదా."

"రేపు కూడా తోకే తిందమ్మా. నడిముక్క ఎండకి కంపు కొడితే సముద్రంలో పారేసింది. నువ్వే రాశావు. పిచ్చిది, ఆకలితో చస్తూ ఎవరికి దాస్తోంది?" అని పకపకా నవ్వింది.

నేనే రాశాను. ఒట్టేసి చెబుతున్నాను, కావాలని రాయలేదు. చేప దొరికింది, కోసింది అని రాసేసరికి నా చెయ్యి తనంతట తనే ముక్కలు పంచేసింది. చుట్టూ ఎటు చూసినా నీళ్ళు తప్ప నరమానవుడు లేని చోట, లేని మనిషికి ఆ పిల్ల చేత వాటా తీయించాను. ఎవరికి? నాకు తెలియకుండా పడవలోకి ఎవరెక్కారు? సిగ్గేసింది, తర్వాత కోపమొచ్చింది, ఆ కోపంలోనే పెన్ను తీసి 'ఆమె నడిముక్క తింది' అని రాశాను. రాసి ఊరుకోలేకపోయాను. 'ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి' అని దాని ముందు చేర్చాను. నడిసముద్రంలో ఎవరు చూస్తారు, చేపలా? కొట్టేశాను. మళ్ళీ రాశాను, ఈసారి పిల్లకి ముద్ద గొంతు దిగలేదు. ఇంతలో మా ఆయన హాల్లోంచి, "ఏమోయ్, మా ఆఫీసు మిత్రుడు భోజనానికి వస్తున్నాడు, ఇంకో పావుగంటలో" అని కేకేశాడు. పెన్ను మూత పెట్టేసి కంచాలు తుడిచాను.

మిత్రుడూ, మా ఆయనా, అత్తయ్యా మొదట కూర్చున్నారు. అత్తయ్య నా మోచేయి లాగి, "ఆయనకి తోక వెయ్యకు, బాగుండదు" అని గుసగుసలాడింది. ఆ సంగతి నాకు చెప్పాలా. మిత్రుడు వేళ్ళు నాకుతూ కూర అమోఘం అన్నాడు. "సముద్రం మీద నవల రాస్తోంది కదా, ఆ మాత్రం చేపల మీద పట్టు చిక్కకపోతే ఎలా" అన్నాడు మా ఆయన. ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే ఇంకో ముక్క, ఇంకొంచెం కూర. నేను గరిటె పట్టుకుని నిలబడి, రేపు సంపాదకురాలికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. ఈ పూట దాటితే ఆ పిల్లని కుర్రాడి చేతుల్లో పెట్టక తప్పదు.

వాళ్ళు లేచాక నేనూ అమ్మాయీ కూర్చున్నాం. గిన్నెలో ఒక నడిముక్క, ఒక తోక మిగిలాయి. నేను గరిటె అందుకునే లోపే అది అందుకుంది. నడిముక్క నా కంచంలో వేసి, తోక తన కంచంలో వేసుకుంది.

"నాకు తోకే ఇష్టం అమ్మా" అంది.

నా గొంతే అది. 'తోకే' దగ్గర ఆ సాగదీయడం కూడా నాదే. అంతకుముందు మా అమ్మది. ఇందాక పడవ పిల్లని చూసి పకపకా నవ్విన నోటితోనే అంటోంది, అన్నట్టు కూడా దానికి తెలియదు. పుట్టిన దగ్గర్నుంచీ దీని కంచంలో నేను తోక వెయ్యలేదు. కూతురికి నడిముక్క పెడితే చాలు, అది నాలా కాకుండా పోతుందని నమ్మకంగా ఉన్నాను. ఇన్నేళ్ళూ అది చూసింది తన కంచాన్ని కాదు, నా కంచాన్ని. పడవ పిల్ల కాగితం మీదే ఉంది, కొట్టేసి మళ్ళీ రాయొచ్చు. దీన్ని ఎలా కొట్టెయ్యను?

అలవాటు కొద్దీ నా చెయ్యి నడిముక్కని దాని కంచంలోకి తొయ్యబోయింది. తోస్తే ఏమవుతుందో తెలుసు. నువ్వు తినంటే నువ్వు తినని ఇద్దరం కాసేపు తోసుకుంటాం. ఆ ముక్క ఫ్రిజ్‌లోకి వెళ్ళి పొద్దున మా ఆయన కంచంలో తేలుతుంది. దాని బలవంతాన నేను ఓడిపోయి సగం తిన్నా, అది నేర్చుకునేది అమ్మ అంటే పెట్టేదని మాత్రమే. అందుకని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ముక్క విరిచాను. తిన్నాను. దానికి పెట్టలేదు, ఎవరికీ మిగల్చలేదు. గుజ్జుతో సహా తిన్నాను. మెత్తగా, తియ్యగా ఉంది, పెద్ద ముల్లు ఒక్కటే. వండటమే కానీ ఇంత బాగుంటుందని నాకు తెలియదు.

అమ్మాయి ముద్ద నోట్లో పెట్టుకోవడం మానేసి నన్ను చూస్తోంది. మొదట వింతగా, తర్వాత కొంచెం ఉక్రోషంగా. మనం త్యాగం చేసింది అవతలివాళ్ళు మొహమాటం లేకుండా తింటుంటే వచ్చే ఉక్రోషం అది. నాకు బాగా తెలిసినదే. నేను తల దించుకోలేదు.

అది తన కంచంలో ముళ్ళు ఏరడం మొదలుపెట్టింది. ఏరుతూ ఏరుతూ విసుగొచ్చి, "నిజం చెప్పనా అమ్మా, నాకిదేం ఇష్టం లేదు" అంది.

"నాకూ లేదే" అన్నాను. "ఎప్పుడూ లేదు."

ఈసారి చేప తెచ్చినప్పుడు నడిముక్క తనదేనని అది చెప్పింది. రెండు చేపలు తెమ్మంటాను అన్నాను. హాల్లోంచి మా ఆయన, "టీ పడుతుందా?" అన్నాడు. పొడి ఎడమ పక్క డబ్బాలో ఉందని చెప్పి, ఎంగిలి కంచాలు అక్కడే వదిలేసి, చెయ్యి కడుక్కుని కాగితాల ముందు కూర్చున్నాను. కొట్టేసిన వాక్యాల కింద ఇలా రాశాను: పిల్లకి ఆకలేసింది, నడిముక్క తినేసింది, ఇంకా ఆకలేసి గాలం మళ్ళీ నీళ్ళలోకి విసిరింది.