అక్క చెప్పిన పథ్యం

బడిలో తల్లిదండ్రుల సమావేశం రోజున అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఇద్దరి పిల్లలదీ ఒకే తరగతి. అక్క కొడుకు చెల్లెలి కూతురికంటే కొన్ని నెలలే పెద్ద. వాణ్ణి ఇంట్లో అందరూ తుఫాను అంటారు. నిరుటిదాకా వాడు అడుగుపెట్టిన గదిలో ఏ వస్తువూ ఉన్నచోట ఉండేది కాదు. చెల్లెలి కూతురు పిచ్చుక. అది ఏమీ పగలగొట్టదు, ఒకచోట వాలదు, అంతే. లెక్క సగంలో ఉండగా కిటికీలోంచి మబ్బును చూస్తుంది. ఆ మబ్బు వెంట పోయి బడి వదిలాక ఒక బూటుతోనే ఇంటికొస్తుంది.

టీచరమ్మ ముందు అక్క వైపు తిరిగింది.

“మీ బాబు ఇంత మారతాడని మేం అనుకోలేదండీ. ముందు వరసలో కూర్చుంటున్నాడు. రాస్తున్నది పూర్తిచేశాకే లేస్తున్నాడు. ఇంట్లో ఏం చేస్తున్నారో మిగతావాళ్ళకి కూడా చెప్పండి.”

తరవాత చెల్లెలి వైపు తిరిగి గొంతు తగ్గించింది. “పాప తెలివైందేనండీ, కానీ...”

ఆ ‘కానీ’ తరవాత వచ్చేదంతా చెల్లెలికి కంఠతా వచ్చు. అదంతా వింటున్నంతసేపూ ఆమె టీచరమ్మను చూడలేదు. పక్కన అక్క చేతిసంచీని ఒళ్ళో పెట్టుకుని, నవ్వు బయటికి రాకుండా పెదాలు బిగబట్టుకోవడాన్నే చూసింది. తనమీద జాలిపడి ఆపుకుంటున్న ఆ నవ్వు, పైకి నవ్వి ఉంటే మండేదానికంటే ఎక్కువ మండింది.

ఇద్దరూ ఒకే భవనంలో ఉంటారు. అక్క పై అంతస్తులో, చెల్లెలు కింద. మెట్లెక్కుతూ అక్క చెప్పుకొచ్చింది. “అంతా తిండిలోనే ఉందే. నేను చెప్తే నువ్వు వినవుగానీ. వీడికి చక్కెర మానిపించాను. రంగులు వేసినవేవీ ఇంట్లోకి రానివ్వట్లేదు. పొద్దున్నే గుడ్లు, సాయంత్రం అక్రోటు పప్పులు, రోజూ చేపనూనె మాత్ర. చూశావుగా, మనిషే మారిపోయాడు.”

“చూశాను” అంది చెల్లెలు.

“ఉండు, నా దగ్గర ఇంకో సీసా ఉంది. పిచ్చుకకి వెయ్యి.”

అక్క ఇచ్చిన సీసాను చెల్లెలు తీసుకుంది. చిన్నప్పుడు అక్కకు పొట్టివైపోయిన గౌన్లు కూడా ఇలాగే తీసుకునేది.

అక్క దంతవైద్యుడి దగ్గర కౌంటరులో పనిచేస్తుంది. పన్ను పీకించుకోవడానికి వచ్చి, బుగ్గ వాచి, నోరు తెరవలేక కూర్చున్న తల్లులకు కూడా చేపనూనె సంగతి చెప్పేది. అడ్డు చెప్పే వీలు వాళ్ళకు ఉండేది కాదు. అలా ఆమె మాట ఊళ్ళో పాకింది. సాయంత్రం అయ్యేసరికి ఎవరో ఒక తల్లి పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని భవనం గేటు దగ్గర కనబడేది. కింద కాపలా ఉండే ముసలాయన అడక్కుండానే పైకి చెయ్యి చూపించేవాడు. “తుఫాను తీరం దాటిపోయింది” అని బావ వచ్చినవాళ్ళందరితో జోకు వేసేవాడు. అందరూ నవ్వేవారు. కింద అంతస్తులో చెల్లెలు తలుపు వేసుకునేది.

ఆమెది కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో పని. చట్రానికి సరిపడేలా అద్దాల అంచులు అరగదీయాలి. వెంట్రుకంత తేడా వచ్చినా అద్దం చట్రంలో కూర్చోదు. తిరిగే రాయి మీద నీళ్ళు పడుతుంటే గంటలకొద్దీ కదలకుండా చూస్తూ ఉండాలి. తనకు ఇంత నిదానం ఉండి, తన కడుపున పుట్టినదానికి చిటికెడైనా ఎందుకు రాలేదో ఆమెకు అర్థమయ్యేది కాదు. అక్క ఏనాడూ ఒకచోట కుదురుగా కూర్చున్న మనిషి కాదు. చదువులో చెల్లెలే ముందుండేది. పోటీల్లో గెలిచిందీ తనే. చివరికి పిల్లల దగ్గరికి వచ్చేసరికి అక్కదే పైచెయ్యి అయింది. ఈ ఆలోచనల్లో ఒకరోజు మంచి అద్దం ఒకటి అవసరానికి మించి అరగదీసేసింది. యజమాని ఏమీ అనలేదు. అంతకు ముందెన్నడూ అలా జరగలేదు మరి.

అక్క చేసినదానికంటే ఒక మెట్టు పైన చెయ్యాలని ఆమెకు పట్టుదల పుట్టింది. ఫోనులో దొరికినవన్నీ చదివింది. అక్క చక్కెర మానిపిస్తే, తను చక్కెరతోపాటు పాలు మానిపించింది, ఆ తరవాత గోధుమ రొట్టె కూడా. అక్క ఒక మాత్ర వేస్తే, తను జింకు మాత్ర, ఇంకేవో పొడులు కలిపి వేసింది. పొద్దున్నే అవన్నీ మింగించేసరికి పిల్ల కడుపు సగం నిండిపోయేది. బడిలో త్రేన్పు వస్తే చేపల వాసన కొడుతోందని పక్కపిల్లలు జరిగి కూర్చుంటున్నారట.

“దాన్ని కాస్త తిననివ్వు” అన్నాడు భర్త ఒకరోజు. ఆయన రైళ్ళకు సరుకెక్కించే చోట మేస్త్రీ, ఇంట్లో ఎక్కువ మాట్లాడడు.

“మా అక్క చేస్తే అందరూ మెచ్చుకుంటారు. నేను చేస్తే మీకు తప్పుగా కనిపిస్తోందా?”

“మీ అక్క పిల్లాడు కడుపునిండా తింటున్నాడే.”

ఆ మాట ఆమె చెవికెక్కలేదు. పిచ్చుక మాత్రం ఏమీ మారలేదు. బూటు పోతూనే ఉంది, లెక్క సగంలో ఆగిపోతూనే ఉంది. ఒకటే తేడా, ఇప్పుడు లంగా నడుం దగ్గర నిలవడం లేదు. నడుస్తూ నడుస్తూ చేత్తో పైకి లాక్కునేది.

“అమ్మా, నేను అన్నలాగా అయిపోయాక మళ్ళీ రొట్టె పెడతావా?” అని అడిగింది ఒక సాయంత్రం.

“పెడతాను. త్వరగా అవ్వు మరి” అంది తల్లి.

బడి వార్షికోత్సవానికి తుఫానును ఎంపిక చేశారు. నక్షత్రాల గురించి వాడు వేదిక మీద ఒక్కడే నిలబడి, కాగితం చూడకుండా మాట్లాడాలి. నిరుడైతే వాణ్ణి వేదిక దరిదాపులకు కూడా రానిచ్చేవారు కాదు. ఆ రోజు పొద్దున అక్కకు క్లినిక్కులో వదల్లేని పని పడింది.

“పిల్లలిద్దరినీ నువ్వు తీసుకెళ్ళవే. వాడి వంతు వచ్చేసరికి నేనొచ్చేస్తాను.”

దారిలో బడి పక్కన ఒక చిన్న దుకాణం ఉంది. అద్దాల బీరువాలో రంగురంగుల చప్పరింపు బిళ్ళలు, మెరిసే నారింజ రంగు పానీయం సీసాలు. చెల్లెలు అక్కడ ఆగింది. ఆగాలని ఇంటి దగ్గర అనుకోలేదు. కాళ్ళు ఆగాయి, చెయ్యి పర్సులోకి వెళ్ళింది.

“తాగరా” అని సీసా మూత తీసి తుఫానుకు ఇచ్చింది.

వాడు వెనక్కి తగ్గాడు. “అమ్మ వద్దంటుంది పిన్నీ.”

“ఇవాళ నీ రోజు. నేను చెప్తున్నాగా, ఏం కాదు.”

వాడు ముందు ఒక గుక్క తాగి చూశాడు. తరవాత ఏడాది కరువంతా తీరేలా సీసా ఎత్తిపట్టాడు. బిళ్ళలు కూడా గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. అప్పుడు పక్కన నిలబడ్డ పిచ్చుక గుర్తొచ్చి చెయ్యి చాపాడు. “ఇందా, నువ్వూ తీసుకో.”

పిచ్చుక తల్లి మొహంలోకి చూసింది. తల్లి వాడి చెయ్యి పక్కకు తోసేసింది. “దానికి వద్దు.”

పిల్ల లంగా పైకి లాక్కుని ముందు నడిచింది.

హాల్లో చెల్లెలు మధ్య వరసలో కూర్చుంది. అక్క ఆయాసపడుతూ వచ్చి పక్కనే చేరింది. తెర తీశారు. తుఫాను వేదిక మధ్యకు నడిచి వచ్చాడు. చెల్లెలు వాడి కాళ్ళనే చూస్తోంది. ఇప్పుడు ఊగుతాయి, ఇప్పుడు గెంతుతాడు, ఇప్పుడు మాట మరిచి తెర పట్టుకుని వేలాడతాడు అని ఎదురుచూసింది. లోపల భయం కంటే ఆశే ఎక్కువ.

వాడు ఏ పొరపాటూ చేయలేదు. దూరంగా ఉన్న నక్షత్రం వెలుతురు మనదాకా రావడానికి ఎంత కాలం పడుతుందో తొణక్కుండా చెప్పాడు. ఒకచోట మాట తట్టక ఆగి, ఊపిరి పీల్చుకుని, వెతుక్కుని మళ్ళీ అందుకున్నాడు. హాలంతా చప్పట్లు. అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. చెల్లెలు కూడా చప్పట్లు కొట్టింది.

వాడు పరుగెత్తుకొచ్చి తల్లిని చుట్టేసి నవ్వాడు. నాలుక, పళ్ళు, పెదాల అంచులు అన్నీ నారింజ రంగు.

“ఏం తాగావురా?”

“పిన్ని కొనిపెట్టింది” అన్నాడు వాడు సంతోషంగా.

అక్క చెల్లెలి వైపు చూసింది. కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం తలుపు చప్పుడైంది. అక్క ఒక్కతే వచ్చింది. లోపలికి వచ్చి వంటగది గుమ్మంలో నిలబడింది.

“వాడు అందరిముందూ అల్లరిపాలవుతాడనేగా ఇచ్చావు?”

అబద్ధం చెప్పాలని చెల్లెలు నోరు తెరిచింది. రాలేదు. “అవును.”

“వాడు నీకేం చేశాడే?”

“వాడేం చెయ్యలేదు. నువ్వూ ఏం చెయ్యలేదు. వాణ్ణి చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. అంతే.”

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. “నాకు నీమీద కోపం వచ్చింది. కానీ దారంతా వేరే భయం పట్టుకుంది. అవన్నీ తాగీ తినీ కూడా వాడు బాగానే ఉన్నాడు. మరి నేను ఏడాదిగా చేసిందేంటి? వాడి పుట్టినరోజుకి కేకు ముక్క కూడా పెట్టలేదే నేను. అందరికీ చెప్పుకు తిరిగాను.”

చెల్లెలు కోరుకున్నది ఇదే. అక్క చేతిలోని గొప్ప జారి కిందపడాలనే ఇన్నాళ్ళూ కోరుకుంది. తీరా పడ్డాక చూస్తే, కుర్చీలో నీరసంగా కూర్చున్న అలసిపోయిన ఆడమనిషి తప్ప ఏమీ మిగల్లేదు. అయినా ఆమె లోపల ఎక్కడో ఒక మూల సంతోషపడింది. అలా సంతోషపడినందుకు తనను తానే అసహ్యించుకుంది.

అప్పుడే పిచ్చుక స్నానం చేసి, తువ్వాలు చుట్టుకుని, మంచినీళ్ళకు వచ్చింది. అక్క దాని భుజాలు చూసి లేచి నిలబడింది. మెడ కింద ఎముకలు బయటికి పొడుచుకొచ్చాయి.

“ఇదేంటే? దీనికి ఏం పెడుతున్నావు అసలు?”

“నువ్వు చెప్పినవే. ఇంకొంచెం ఎక్కువ.”

“నామీద కోపముంటే నామీద తీర్చుకో. దీని ఒంటిమీద కాదు.”

చెల్లెలు మందుల సీసాలన్నీ అరలోంచి తీసి అక్క ముందు పెట్టింది.

పిల్లల డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. డాక్టరమ్మ పిచ్చుక బరువు చూసింది, రక్తం పరీక్ష చేయించింది. మందుల సీసాలన్నీ బల్లమీద పెట్టించి ఒక్కొక్కటి తిప్పి చదివింది.

“రక్తంలో ఇనుము తక్కువగా ఉంది. అది మాత్రం ఇద్దాం. మిగతా పొడులు ఆపెయ్యండి. పాలు, రొట్టె అన్నీ పెట్టండి. ఎదిగే పిల్లకి ఇన్ని మానిపించకూడదమ్మా. అంతగా చూడాలనుకుంటే మమ్మల్ని అడిగి, ఒక్కొక్కటే, కొన్నాళ్ళపాటే ఆపి చూడాలి.”

“మరి చేపనూనె?” అంది అక్క. గొంతులో బింకం లేదు.

“కొంతమంది పిల్లలకి కాస్త పనికొస్తుంది. చాలామందికి తేడా తెలీదు. రంగులు కూడా అంతే, పడని పిల్లలు కొందరుంటారు. మీవాడు వాళ్ళలో ఉన్నట్టు లేడు. వాడి విషయంలో ఇంకేం మార్చారు?”

అక్క గుర్తుచేసుకుంది. పెందలాడే పడుకోబెట్టడం, టీచరమ్మ ముందు వరసకు మార్చడం, రోజూ సాయంత్రం వాళ్ళ నాన్న పక్కన కూర్చోవడం. “ఒక ఏడాది పెద్దవాడు కూడా అయ్యాడు” అంది డాక్టరమ్మ. పిచ్చుకకు ధ్యాస ఎందుకు నిలవడం లేదో మాత్రం సరిగ్గా పరీక్షించాలనీ, బడితో మాట్లాడాలనీ, అవసరమైతే మందు సంగతి తరవాత ఆలోచిద్దామనీ చెప్పింది.

ఆ సాయంత్రం పిచ్చుక వెన్న రాసిన రొట్టె తింటుంటే తల్లి ఎదురుగా కూర్చుని చూసింది. “నేను ఇంకా అన్నలాగా అవ్వలేదుగా?” అంది పిల్ల అనుమానంగా.

“అవ్వక్కర్లేదు. తిను.”

అక్క చాలాకాలం వరకు కొడుకును ఒంటరిగా కిందికి పంపలేదు. చెల్లెలు అడగలేదు. డాక్టరమ్మ పరీక్షలయ్యాక పిచ్చుకకు ధ్యాస నిలిచేందుకు మందు మొదలుపెట్టారు. టీచరమ్మ దానికి పనిని చిన్న చిన్న ముక్కలు చేసి ఇవ్వసాగింది. బరువు నెమ్మదిగా పెరిగింది. ఎండాకాలం సెలవుల ముందు ఒకరోజు పిచ్చుక లెక్కల కాగితం మొదటినుంచి చివరిదాకా తనంతట తనే పూర్తిచేసి తెచ్చింది.

చెల్లెలు ఆ కాగితం పట్టుకుని మెట్లెక్కింది. అక్క తలుపు తీసింది. ఆ వారమే తుఫాను కొత్త ఆటల టీచరుతో గొడవపడితే ఇంటికి పంపేశారని చెల్లెలికి అప్పటికి తెలియదు.

అక్క కాగితం చూసింది. “మంచిది. చాలా బాగా చేసింది” అంది. కాని నవ్వు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. పొయ్యిమీద ఏదో ఉందంటూ గబగబా వంటగదిలోకి వెళ్ళింది. పొయ్యి ఆర్పేసే ఉంది.

ఆ ఆలస్యం చెల్లెలికి బాగా తెలుసు. అలా తప్పించుకు వెళ్ళడమూ తెలుసు; ఇన్నాళ్ళూ తను చేసిందీ అదే. కాగితం మడిచి రవికెలో దోపుకుని, అక్క వెనకాలే వెళ్ళి, సింకులో ఉన్న గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

“ఏమైందే వాడికి?” అంది, వెనక్కి తిరగకుండానే.

అక్క తువ్వాలు అందుకుని, తోమిన గిన్నెలు తుడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది.