అచ్చాయమ్మ ఇంటి కింద గుహ

గుహలు చూడాలంటే జనం టికెట్టు కొనుక్కుని కొండలెక్కుతారు. ఉప్పాడలో అచ్చాయమ్మకి ఆ శ్రమ తప్పింది. సముద్రమే స్వయంగా వచ్చి, ఆమెకున్న ఒక్క గది కింద ఒకటి తవ్వి పెట్టింది. పైన సిమెంటు నేల, మంచం, గ్యాసుపొయ్యి. కింద మనిషి వంగి నడిచేంత బోలు. పోటు వేళ అందులోకి అల దూరి ధబ్బుమంటే, పైన గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి.

సముద్రపు కోతకి పోయే ఇళ్ళ జాబితా రాయడానికి శాంతికుమార్ అనే ఇంజనీరు వచ్చాడు. జాబితాలో పేరుంటే ఊరికి దూరంగా ఇంటిస్థలం ఇస్తారు. లేకపోతే సముద్రం దయ. అందుకే అచ్చాయమ్మ గది మధ్యలో కుర్చీ వేసి, అల్లం టీ ఇచ్చింది. ఆయన గోడలు చూశాడు, పైకప్పు చూశాడు, ఫారంలో ‘నివాసయోగ్యం’ అని రాసేశాడు.

"కింద గుహ ఉందండి," అంది అచ్చాయమ్మ.

ఆయన జాలిగా నవ్వాడు. "గుహలు అలా పుట్టవమ్మా. అలలు రాతిలో బలహీనమైన చోటు చూసుకుని కొడతాయి. పగుళ్ళలోకి నీళ్ళూ గాలీ దూరి, కొంచెం కొంచెంగా తొలుస్తాయి. వేల ఏళ్ళు పడుతుంది."

"రాయికి పడుతుందేమోనండి. మాది ఇసక. రెండు తుఫాన్లకే అయిపోయింది."

ఈ పాఠం ఆమెకి కొత్తేం కాదు. మనవరాలు రమ్యశ్రీ తొమ్మిదో తరగతి. పైన ఆ పిల్ల థియరీ వల్లిస్తుంటే, కింద అలలు ప్రాక్టికల్స్ చేస్తుంటాయి.

"పోనీ ఓసారి దిగి చూడండి. ఫైలు తడుస్తుంది, ఇక్కడే పెట్టండి."

ఆయన ఫైలు కుర్చీలో పెట్టి, ప్యాంటు మడిచి, ఇంటి పక్కనించి ఒడ్డుకి దిగి వంగి చూశాడు. నెత్తిమీద సిమెంటు పలక, దాని కింద ఆనడానికి ఏమీ లేదు. తను ఇంతసేపూ టీ చప్పరించింది దీనిమీదే కూర్చుని. ఓ చిన్న అల వచ్చి తట్టెడు ఇసక పట్టుకుపోయింది.

పైకొచ్చి గుమ్మం బయటే ఆగిపోయాడు. "ఆ ఫైలు ఇలా అందివ్వమ్మా."

"నివాసయోగ్యమని రాశారు కదండీ. వెళ్ళి తెచ్చుకోండి."

శాంతికుమార్ ఓ కాలు గడపలో పెట్టి, మళ్ళీ తీసేశాడు. ఈయనకి కోపమొస్తే జాబితా మాట దేవుడెరుగు. అయినా అచ్చాయమ్మ తగ్గలేదు.

"రాసింది నిజమైతే మీరు వెళ్ళండి. కాదంటే చెప్పండి, నేను తెస్తాను."

"తెచ్చిపెట్టండి, అచ్చాయమ్మ గారూ."

గారు ఎక్కడినించి ఊడిపడిందో ఆయనకే తెలియాలి. అచ్చాయమ్మ గోడవారగా నడిచి ఫైలు తెచ్చింది. ఆయన రోడ్డుమీద నిలబడి పాత మాట కొట్టేసి, ‘నివాసానికి పనికిరాదు’ అని రాసి, జాబితాలో పేరెక్కించాడు.

"స్థలం ఎప్పుడిస్తారండి?"

"ఏడాది పట్టొచ్చు. ఈలోగా మీరు మాత్రం లోపల అడుగుపెట్టకండి. చాలా ప్రమాదం," అని గట్టిగా చెప్పి బండెక్కాడు.

ఈలోగా ఎక్కడుండాలో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. రమ్యశ్రీ బడినించి ఆకలితో వచ్చే వేళైంది. అచ్చాయమ్మ గోడవారగా లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది.