మూడో తుపాకీ

పొద్దున్నే గాలి చచ్చిపోయింది.

వేపచెట్టు మీద ఆకు కదల్లేదు. అరుగు మీది నాపరాయి రాత్రి వేడిని ఇంకా వదల్లేదు. అడుగు పెడితే వెచ్చగా... ఏదో ప్రాణమున్న దాని వీపు మీద పెట్టినట్టు.

ఇంటినిండా తుపాకీ నూనె వాసన.

ఆ వాసనలోనే జ్ఞానమణి అన్నం వండింది. ఆ వాసనలోనే మోకాళ్లూని ప్రార్థన చేసుకుంది. రెండేళ్లుగా ఆమె చీరలకు అదే వాసన. దుప్పట్లకు అదే. ఊరగాయ జాడీ మూతకు కూడా అదే.

కొడుకు క్రాంతి కుమార్. ముప్పై రెండేళ్లు. నందికొట్కూరులో బోరు మోటార్లు బాగుచేస్తాడు. బీడీ ఎరగడు, పేక ముట్టడు. ఉన్నది ఒక్కటే పిచ్చి. పాత తుపాకులు. అందులోనూ ఒక్క తూటా మాత్రమే పట్టేవి. ఒకటి పెట్టాలి, కాల్చాలి, తెరవాలి, మళ్లీ ఒకటి పెట్టాలి.

గోడ మీద రెండు. బీరువాలో ఒకటి.

గోడ మీదివి చచ్చినవి. బనగానపల్లె పక్క ఏదో పాత బంగళా నుంచి వచ్చాయి. వాటి గొట్టాల్లో ఎప్పుడో సీసం పోసి బిగించేశారు. అవి ఇంట్లోకొచ్చిన రోజు జ్ఞానమణి గడప దాటి లోపలికి రానంది.

"వీటికి నోరు మూసేసినారు మా. ఇంక కట్టెల కిందే లెక్క," అన్నాడు కొడుకు.

నోరు మూస్తే కట్టె.

ఆ మాట ఆమె లోపల ఒకచోట కూర్చుండిపోయింది.

బీరువాలోది మాత్రం బతికున్నది. దానికి లైసెన్సు ఉంది. పాత ఆసామి చేతి నుంచి వీడి పేరు మీదికి రావడానికి ఆఫీసుల చుట్టూ రెండు ఎండాకాలాలు పట్టింది. వాడు దాన్ని పసిబిడ్డకు తలంటినట్టు తుడిచేవాడు. కింద కొక్కెంలాంటి పిడి. లాగితే లోపలి దిమ్మె టక్కున దిగుతుంది. ఎవరివో చేతులు పట్టి పట్టి కట్టె అద్దంలా నున్నబడింది.

"నూటముప్పై ఏండ్లది మా. అయినా సూడు, కిర్రుమనదు."

"ఎంతమందిని సంపినాదో నాయనా."

"మనుషుల్ని కాదులే. ఏ జింకనో కొట్టింటారు."

"జింకకు మాత్రం అమ్మ ఉండదా?"

వాడు నవ్వేవాడు. నవ్వి మళ్లీ తుడిచేవాడు.

"ఒక్కటే తూటా మా. తప్పితే తప్పినట్టే. అందుకే ఇది పట్టుకున్నోడు తొందరపడడు. శానా నిదానం నేర్పుతాది."

"ఒక్కటి సాలదా నాయనా?"

వాడు నూనెగుడ్డ మడిచి బీరువా మూసేవాడు.

జ్ఞానమణి భయం ఊరందరికీ తెలుసు. కొడుకు సైకిలు నేర్చుకుంటే ఆమెకు లారీ కనిపించింది. కాలవలో ఈతకు పోతే చాప చుట్టిన శవం కనిపించింది. మోటారు విప్పుతుంటే కరెంటు కనిపించింది. లారీ రాలేదు. కాలవ మింగలేదు. కరెంటు పట్టుకోలేదు.

రాలేదంటే తప్పిపోయిందని కాదు ఆమెకు.

దారిలో ఉందని.

మొగుడు ప్రకాశం కూడా "ఇప్పుడే వస్తా" అని నాపరాళ్ల గనికి పోయినవాడే. రాలేదు.

ఏడాది తిరిగి తిరిగి క్రాంతి కుమార్ పది తూటాలు సంపాదించాడు. ఆదివారం కొండ అవతల పాత గనిలో, క్లబ్బువాళ్లు గురి కొట్టే చోట, మొదటిసారి దాన్ని పేలుస్తానన్నాడు. చర్చికి రానన్నాడు.

శనివారం సాయంత్రం శుభ్రం చేశాడు. పిడి లాగి, తెరిచి, వెలుతురుకు ఎత్తి పట్టాడు.

"ఇట్లా రా మా. కన్ను పెట్టి సూడు."

చూసింది. సుడి తిరుగుతూ పోయే ఇనుప బావి. చివర చిన్న గుండ్రటి వెలుగు. అంత అందమైనది అంత భయంకరంగా ఎట్లా ఉంటుందో ఆమెకు అర్థం కాలేదు.

వాడు గొట్టం మూతికి దుమ్ము పోకుండా గుడ్డముక్క కట్టాడు. సంచిలో పెట్టాడు. జిప్పు లాగాడు.

ఆదివారం పొద్దున. గాలి లేదు. వాడు స్నానానికి పోయాడు.

పైపులకు పెట్టే మందు ఇంట్లోనే ఉంది. నల్ల ముద్ద ఒకటి, తెల్ల ముద్ద ఒకటి. రెండూ కలిపి పిసికితే కాసేపటికి రాయవుతుంది. నీళ్ల తొట్టి కారితే వాడే పెట్టి చూపించాడు.

ఆమె పిసికింది.

బయట చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు. లోపల ఆమె వేళ్ల చప్పుడు.

గుడ్డ విప్పింది. ముద్దను గొట్టంలోకి దూర్చింది. గరిటె కాడతో లోపలికి... ఇంకా లోపలికి. మళ్లీ గుడ్డ కట్టింది, వాడు కట్టినట్టే.

నోరు మూసింది. ఇంక కట్టె.

రెండేళ్లలో మొదటిసారి ఆమె గుండె నిమ్మళించింది. కొడుకు పోయొస్తానంటే నవ్వింది కూడా. చర్చిలో గొంతెత్తి పాడింది.

ఆరాధన ముగిసింది. రేకుల పందిరి కింద టీలు. రిటైరైన కానిస్టేబులు ఏసురాజు చుట్టూ మగవాళ్లు. మాట క్రాంతి కుమార్ తుపాకీ మీదికి పోయింది.

"మా స్టేషన్లో ఒగాయప్ప ఉండె," అన్నాడు ఏసురాజు. "ఆయన తుపాకీ గొట్టంలో కందిరీగ మట్టి తెచ్చి గూడు పెట్న్యాది. ఈయప్ప సూసుకోలే. కాల్సె! దారి మూసుకపోయినాక తూటా యాడికి పోతాదప్పా? గొట్టం అరటితొక్క మాదిరి ఇచ్చుకున్యాది. ఇనుమప్పా, ఇనుము! ఈ పక్క సెంప ఉండాది. ఆ పక్క సెంప ల్యా."

"అయితే ఆయప్పకు గడ్డం గీసుకునే పని సగం తగ్గినట్టేలే," అన్నాడు పక్కనున్న లేవి.

అందరూ నవ్వారు.

జ్ఞానమణి చేతిలో టీ ఉంది. చెయ్యి ఎక్కడుందో తెలియలేదు.

"పిసరంత మట్టికేనా అన్నా?"

"మట్టికే అట్లయితే, రాయి లాంటిదైతే ఇంక సెప్పేదేముండాది సెల్లెమ్మా."

"బండి తియ్యన్నా."

"యాడికి?"

"నేను మూసినా అన్నా. మావాని తుపాకీ నోరు... నేనే మూసినా."

ఏసురాజు ముఖంలో నవ్వు అట్లాగే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. గ్లాసు నేల మీద పెట్టాడు. బండి తీశాడు.

ఫోను చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. స్విచాఫ్. గురి కొట్టే చోట ఫోన్లు కట్టేయిస్తారని వాడే చెప్పాడు.

బండి పోతోంది. రెండు పక్కలా రాళ్లు. ఎండలో ఊగుతున్న రాళ్లు.

వాడు ప్రతిసారీ చూసుకుంటాడు. పిడి లాగుతాడు, వెలుతురుకు ఎత్తుతాడు, కన్ను పెడతాడు. నిదానం మనిషి. చూసుకుంటాడు.

కానీ నిన్ననే చూశాడు కదా... నిన్ననే తుడిచాడు కదా...

చూడు నాయనా. చూసి నన్ను పట్టుకో. ఇంటికొచ్చి తిట్టు. అన్నం ముట్టొద్దు. ఏడాది మాట్లాడొద్దు.

ఒక్కసారి కన్ను పెట్టి చూడు.

కొండ మలుపు దగ్గర చప్పుళ్లు మొదలయ్యాయి. ఠప్. కాసేపు. ఠప్. ఠప్. ఎవరివో తుపాకులు. ఒక్కోదానికి ఆమె వెన్ను ఒక్కోసారి కొరడా తిన్నట్టు వంగింది.

అప్పుడొకటి పేలింది.

పెద్దది. లోతైనది. గని గోడలకు కొట్టుకుని, కొండకు కొట్టుకుని, తిరిగొచ్చి రోడ్డు మీద పడింది.

ఆ తర్వాత ఏదీ లేదు.

ఒక్క తుపాకీ కూడా లేదు.

ఏసురాజు బండి ఆపాడు. ఎందుకాపాడో ఆయనకే తెలియదు. వెనక్కి తిరగలేదు.

"అన్నాలకు ఆపింటార్లే సెల్లెమ్మా," అన్నాడు, హ్యాండిలుతో చెబుతున్నట్టు.

ఆమె దిగింది. కాలే రాళ్ల మీద నిలబడింది. ఒక చెప్పు ఎక్కడో జారిపోయింది.

పుట్టినప్పటినుంచి చప్పుడుకు భయపడిన మనిషి. టపాసుకు, ఉరుముకు, తలుపు పడితే చాలు, చెవులు మూసుకునే మనిషి.

తల మీది కొంగు తీసేసి చెవులు రెండూ గని వైపు పెట్టింది.

ఇంకొక్కటి, దేవా.

ఎవరిదైనా సరే... ఇంకొక్కటి పేలనీ.

రాళ్లు. ఎండ. కదలని గాలి —