లండన్ ఏళుమలై ఇచ్చిన ఐదు స్టార్లు

చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో తనకు తెలియని సందు లేదనీ, ఫోన్‌లోని మ్యాపే దారి తప్పితే తనను అడిగి పోతుందనీ విక్రమ్ నెల్లూరు నుంచి వచ్చిన చీరల వ్యాపారిని గోడౌన్‌కు తీసుకుపోతూ చెప్పాడు. ఆరో నిమిషంలో ఇద్దరూ ఎవరి వంటింట్లోనో తేలారు. ఆ ఇంటావిడ చారుకు పోపు పెడుతూనే, "గోడౌనా? వెనక సందులో ఉండాది నాయనా," అంది.

చివరికి దారి చూపింది వ్యాపారి సంచి అడుగున పదేళ్లుగా పడి ఉన్న అట్ట. చీర మడతలో పెట్టే ఆ అట్ట వెనక విక్రమ్ తాత చిన్నస్వామి పెన్సిల్‌తో దారి గీసి, పక్కన రాశాడు: 'గంజి వాసన వస్తే ఎడమకు. తెల్లావు పడుకుని ఉంటే దాటు. లేచి ఉంటే ఆగు.'

ఇప్పుడు అందరికీ ఫోన్లే. అట్ట అడిగేవాళ్లు లేక తాత పెన్సిల్ బీరువాలో పెట్టేసి, తమ చీరల అంగడికి రావడమే మానేశాడు. తాత లేని అంగడిలో విక్రమ్‌కు కూర్చోబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రమే వాడు ఫోన్ మ్యాప్‌లో అంగడి మీద పిన్ను గుచ్చి, 'చిన్నస్వామి చేతి మ్యాపుల కొలువు' అని పేరు పెట్టాడు. కింద ఐదు స్టార్ల రివ్యూలు. 'ఈ అట్ట చూసి నడిస్తే మోకాళ్ల నొప్పి పోయింది: ఏళుమలై, లండన్.' 'మా ఊళ్లో కూడా దీన్నే వాడుతున్నాం: కోకిల, టోక్యో.'

ఆదివారం షోళింగనల్లూరు నుంచి పన్నెండుమంది ఐటీ పిల్లలు దిగారు. కబురు అందగానే తాత చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగున వచ్చాడు. అట్టలు గీశాడు. పిల్లలు సందులన్నీ తిరిగొచ్చారు.

"ఆవు నిజంగానే లేచి ఉందండీ! ఆగాం!" అంది హైందవి అనే అమ్మాయి, గెంతుతూ. "మీకు లండన్‌లో కూడా అభిమానులున్నారు, చూడండి!" అని ఫోన్ చూపింది.

తాత చదివాడు. ఎదురుగా టీ కొట్టులో టీ తిరగబోస్తున్న ఏళుమలైని చూశాడు.

"ఎన్నడా, ఏందిరా ఇది? ఏళుమలై లండన్ ఎప్పుడు పోయినాడు? పొద్దున ఈడే కదా నాకు టీ ఇచ్చె?"

"పనిమీద పోయినాడు తాతా. మధ్యాహ్నానికి వచ్చేసినాడు," అన్నాడు విక్రమ్.

"పూలమ్మే కోకిల టోక్యోలో ఏం అమ్ముతా ఉండాది?"

"ఆడ కూడా మల్లెలే తాతా."

తాత ఇంకో అట్ట గీసి వాడి చేతిలో పెట్టాడు. 'లండన్: ఎదురుగా తొమ్మిది అడుగులు. పన్నెండు టీలు చెప్పు. వచ్చేటప్పుడు రేపటికి కొత్త పెన్సిల్ తే.'

విక్రమ్ 'రేపటికి' అన్న మాట రెండుసార్లు చదువుకున్నాడు.

"నేనే తాతా," అన్నాడు. "లండన్ నేనే, టోక్యో నేనే, ఆ మోకాళ్లు కూడా నావే. నువ్వు అంగడికి రావాలనే చేసినా. సత్యంగా, ఆవొకటే నిజం."