మూతలేని గ్రీజు డబ్బా

ఆ గ్రీజు డబ్బా తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది. మూత ఎప్పుడో పోయింది. లోపల తుప్పు పొడి, రెండు తల వెంట్రుకలు, మా పరిశోధన గైడు మహాశయుడి వేలి గుంటలు. కొత్తది కొందామంటే, ఇదే కలిసొచ్చిందనేవాడు.

మా పని స్ఫటికాలతో. గోరంత ముక్కని ఆ గ్రీజుతో కడ్డీకి అంటించి, ద్రవ హీలియంతో చల్లబరిచి, పెద్ద అయస్కాంతం మధ్య పెట్టి మైక్రోవేవ్‌లు పంపుతాం. స్ఫటికంలో అయస్కాంత గుణం ఉంటే, అయస్కాంతం బలం పెంచుతూ పోతే ఒకచోట ఆ తరంగాలను మింగుతుంది. తెర మీద అక్కడ గీత లేస్తుంది.

మాకూ లేచింది. చల్లబరిచేకొద్దీ పెరిగింది. కొత్తరకం అయస్కాంత స్ఫటికం దొరికిందని గైడు ఊరంతా టముకు వేశాడు. ప్రతి పేపరు మీదా తన పేరే ముందు వేసుకునే మనిషి, దీని మీద మాత్రం నా పేరు ముందు పెట్టాడు. నా డాక్టరేటు మొత్తం ఆ గీత మీదే నిలబడింది.

నాకే ఎక్కడో తేడా కొట్టింది. స్ఫటికాన్ని తిప్పితే గీత చోటు మారాలి. ఎంత తిప్పినా ఇది ఇసుమంత కూడా జరగదు. చివరికి స్ఫటికం తీసేసి, ఉత్త గ్రీజు పూసిన కడ్డీ పెట్టి చూశాను. అదే గీత. ఇన్నాళ్లూ మేం కొలిచింది డబ్బాలోని తుప్పుని. ఛీ!

వెళ్లి చెప్పాను. టీ తాగుతూ, తలెత్తకుండా విన్నాడు.

“స్ఫటికం లేకుండా కొలవమని నీకెవరు చెప్పారు?”

“కొలవకపోతే తుప్పు పోతుందా సార్?”

“తప్పని తేలితే పోయేది నీ పేరే. ముందున్నది నీదేగా.”

అప్పుడర్థమైంది ఆ పెద్ద మనసు. ఒంటి మీద జెర్రి పాకినట్టయింది. ఇంట్లో అమ్మేమో, కందకు లేని దురద కత్తిపీటకెందుకే, ముందు పట్టా తెచ్చుకో అంది. తుప్పుతో వచ్చిన పట్టా నాకు ఒంటబట్టదు.

డాక్టరేటు పరీక్ష నాడు, బయటినుంచి వచ్చిన పరీక్షకుల ముందు రెండు గీతలూ పక్కపక్కనే చూపించాను. ఏదైతే అదయిందనుకున్నాను.

ముందుగా చప్పట్లు కొట్టింది మా గైడే. తనకు మొదటినుంచీ అనుమానమేననీ, గ్రీజుని విడిగా కొలవమని తానే నా వెంటపడ్డాననీ చెప్పాడు. ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్లని చూశాను గానీ, ఇంత సిగ్గులేని గొడుగు చూడలేదు. పరీక్షకులు ఆయన నిజాయితీకి మురిసిపోయి, నాకు పట్టా ఖాయం చేశారు. బయట కూర్చున్న అమ్మ ఆయన కాళ్లకు దండం పెట్టబోతే మోచెయ్యి పట్టుకుని ఆపాను.

మర్నాడు గదికి పిలిచాడు. బల్ల మీద అదే డబ్బా. కాస్త గ్రీజు వేలితో తీసి నలుపుతూ, గ్రీజు చేసే మోసాల మీద పేపరు రాద్దాం, నలుగురికీ పనికొస్తుందన్నాడు.

“ఈసారి నా పేరు ముందు పెట్టమ్మా.”