గుమ్మటంలో గాలి

అంబమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి జాలీకి పట్టిన పాచిని వేళ్ళతో గీకుతోంది. మనిషి ఎత్తు ఇనుప జాలీ అది. వాగు కట్ట దగ్గర, లావు పైపు నోటికి అడ్డంగా బిగించి ఉంటుంది. తుంగ వేళ్ళు, తుమ్మాకులు, ప్లాస్టిక్ సంచులు, పైనెక్కడో ఎవరో వదిలిన బంతిపూల దండ, అన్నీ వచ్చి దానికే అతుక్కుంటాయి. ఒక్కొక్కటే పీకి గట్టు మీదికి విసురుతుంది. విసిరే ముందు ప్రతిదాన్నీ ఒకసారి తిప్పి చూస్తుంది. ఎందుకు చూస్తావని అడిగేవాళ్ళు ఎప్పుడో మానేశారు.

డెబ్బై దాటిన మనిషి. నడుము వంగి, నీళ్ళ మీదికి వాలిన రెల్లులా ఉంటుంది. వేళ్ళ చివరలు నాని నాని తెల్లగా ముడతలు పడ్డాయి. నడి ఎండలో కూడా ఆ ముడతలు పోవు. కుడికాలి బొటనవేలికి గోరు లేదు. వాగుకు అవతల, చాలా దూరాన, శక్తినగర్ బొగ్గు కరెంటు ప్లాంటు పొగగొట్టాలు తెల్లారే ఆకాశంలో నిలబడి ఉన్నాయి. గాలి ఇటు తిరిగిన రోజున ఆ బూడిద ఆమె ఆరేసిన చీర మీద వాలుతుంది.

గట్టు కింద గుంతలో పంపు కొడుతోంది. ఠక్. ఠక్. ఠక్.

ఆమె చేతులు ఆగిపోయాయి. కాలి కింది బండలోంచి దెబ్బ పైకి పాకుతోంది. మొన్నటికంటే నిన్న గట్టిగా ఉంది. నిన్నటికంటే ఈరోజు గట్టిగా ఉంది.

ఆ పంపుకు బొగ్గు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. వాగు నీళ్ళు లావు పైపులో జారి కిందికి దూకుతాయి. దూకుడు ముదరగానే ఇనుప రెప్ప ఒకటి టక్కున మూసుకుంటుంది. ఎటూ పోలేని నీళ్ళలో కొన్ని పక్కనున్న ఇనుప గుమ్మటంలోకి ఎక్కి అక్కడి గాలిని నొక్కుతాయి. ఆ గాలి వాటిని సన్న పైపు గుండా గుట్ట మీది నీళ్ళ హౌజు దాకా తోస్తుంది. రెప్ప మళ్ళీ తెరుచుకుంటుంది. నిమిషానికి నలభై ఐదు దెబ్బలు. నీటిని నీరే ఎత్తుతుంది.

నిజాం కాలంలో పత్తి మిల్లు బాయిలరు కోసం ఇంగ్లీషువాళ్ళ సీమ నుంచి ఓడలో వచ్చిందట. రాయచూరు స్టేషన్లో దించి, ఎనిమిది ఎద్దుల బండి మీద వాగు దాకా లాక్కొచ్చారట. అరవై ఏళ్ళు రాత్రీ పగలూ కొట్టింది. శక్తినగర్లో కరెంటు పుట్టిన రెండేళ్ళకు మిల్లుకు మోటారు వచ్చింది. రెప్ప కింద చెక్క దూర్చి పంపును ఆపేశారు. తరువాత మిల్లూ మూతపడింది. అంబమ్మ మాత్రం జాలీ కడగడం ఆపలేదు. ఆగిపోయిన పంపుకు పదమూడేళ్ళు జాలీ కడిగింది.

సన్న పైపు ఆమె గుడిసె నేల కిందనుంచే గుట్ట ఎక్కుతుంది. ఆ పదమూడేళ్ళలోనూ తెల్లవారుజామున నేలకు చెవి ఆనిస్తే దెబ్బ వినబడేది. తన గుండె చప్పుడేమోనని ఒకసారి రొమ్ము మీద చెయ్యి వేసుకుని రెండూ లెక్కపెట్టింది. గుండె వేరే కొట్టుకుంటోంది.

నాలుగు నెలల కింద చెన్నకేశవరావు వచ్చాడు. ఇంజనీరు. ఉద్యోగమంతా బొగ్గు మండించడంతోనే గడిచిపోయింది. రిటైరయ్యాక, ఏమీ తినకుండా పనిచేసే యంత్రాన్ని ఒక్కదాన్నైనా బతికించాలని పట్టుబట్టాడు. దేవదుర్గ నుంచి వెల్డరు ఈరేశ్‌ను పిలిపించాడు. గుంతలో పూడిక తీయించాడు. రెప్పకు దున్నపోతు తోలు కోయించి ఆముదంలో నానబెట్టించాడు.

గుమ్మటం విప్పిన రోజు అంబమ్మ అక్కడే ఉంది. నలుగురు బలం పట్టి తిప్పితే మూత కదిలింది. లోపలినుంచి చల్లటి గాలి నిట్టూర్పులా బయటికి వచ్చింది. ఈరేశ్ ముక్కు మూసుకుని పాత నీళ్ళ కంపు అన్నాడు. అంబమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. అది తడిసిన చుట్ట వాసన. ఆమె మొగుడు బసన్న చుట్టలు కాల్చేవాడు.

బసన్న ఆ పంపు చూసే మనిషి. ముప్పై ఏళ్ళ కింద ఒక శ్రావణంలో వాగు పొంగితే, జాలీ చూసొస్తానని పోయాడు. అంబమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేస్తోంది. పంపు దెబ్బ నెమ్మదించింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరిగితే జాలీకి ఏదో పెద్దది అడ్డం పడిందని లెక్క. ఆ సంగతి ఆమెకూ తెలుసు. పెనం మీద రొట్టె ఉంది. అది కాలాక పోదామనుకుంది. రెండో వైపు తిప్పింది కూడా. తరువాత పోయి, జాలీని కప్పేసిన కొమ్మలూ చెత్తా పీకింది. పీకుతుంటే వాటి కింద చొక్కా కనబడింది.

అతని ఆఖరి ఊపిరి బుడగలు బుడగలుగా పైపులో పడి గుమ్మటంలో చేరిందని మిల్లు కూలీల ఇళ్ళ లైన్లలో చెప్పుకున్నారు. నీళ్ళలో పోయిన గాలి ఇంకెక్కడికి పోతుంది అన్నారు. కొందరు ఏడాది దాకా హౌజు నీళ్ళు ముట్టలేదు. అంబమ్మ అవే తాగింది. జాలీ కడిగే పని తనకే ఇమ్మని మిల్లు వాళ్ళను అడిగింది. ఒక్క రొట్టె కాలేంత సేపు. ముప్పై ఏళ్ళుగా ఆమె ఆ సేపులోనే కూర్చుని ఉంది.

పంపు మళ్ళీ మొదలై ఈరోజుకు నాలుగు రోజులు. మొదటి రోజు దెబ్బ మెత్తగా, తడి గుడ్డ బండకు కొట్టినట్టుంది. ఇప్పుడు ఇనుము ఇనుమును కొడుతోంది. దెబ్బ వెనక ఇంకేదో ఉంది. గొంతు నిండిన మనిషి అరవబోయి నీళ్ళు మింగినట్టు, గుడగుడమని ఒక చప్పుడు.

చేతిలోని పాచి అలాగే వదిలేసి, అంబమ్మ తడి చీరతో గట్టు దిగింది.

గుంత దగ్గర చెన్నకేశవరావు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఈరేశ్ పానాతో పునాది బోల్టులు బిగిస్తున్నాడు. నలభై ఏళ్ళవాడు, మీసాలకు నూనె రాస్తాడు.

"ఏందవ్వా, పొద్దుగాల్నే తానం జేసొచ్చినవ్?" అన్నాడు.

"పంపు ఆపుండ్రి సారూ," అంది అంబమ్మ, అతని మాట వినబడనట్టే.

"ఎందుకమ్మా?"

"మునుగుతున్నది."

ఈరేశ్ నవ్వాడు. "పంపు నీళ్ళల్ల మునగక మజ్జిగల మునుగుతదా?"

"నీ మీసాలకు బెట్టే నూనె జర చెవులల్ల బోస్కో. అప్పుడన్న ఇనబడతది."

"అంబమ్మా, బోల్టులు లూజైనయి, అంతే," అన్నాడు చెన్నకేశవరావు ఓపిగ్గా. "బిగిస్తె సరైతది. నువ్వు పైన కూసో. ఇక్కడ కాలు జారుతది."

ఆమె పైన కూర్చోలేదు, మెట్టు మీదే నిలబడింది. ఈరేశ్ నాలుగు బోల్టులూ ఊపిరి బిగబట్టి తిప్పాడు. దెబ్బ తగ్గలేదు. ఇంకా పెరిగింది. గుంత గోడ సందుల్లోంచి మట్టి రాలింది. గుట్ట మీద హౌజులో నీళ్ళు ధారగా పడడం మాని, వాంతి చేసుకున్నట్టు విరిగి విరిగి పడుతున్నాయి. చెన్నకేశవరావు గుమ్మటం మీద అరచెయ్యి పెట్టి, ఆ అదురుకు వెంటనే తీసేశాడు. పాత బీడు ఇనుము. ఇలా ఇంకొక్క పూట కొడితే పగులుతుంది. పగిలితే మళ్ళీ పోత పోసేవాడు ఈ జిల్లాలో లేడు.

"సమజైత లేదు," అన్నాడు తనలో తాను.

అంబమ్మ ఎవరినీ అడగకుండా గుంతలోకి దిగింది. గుమ్మటం మెడ కింద వేలితో తడిమింది. అక్కడ ఇనుము నున్నగా ఉంది. చిన్న ఇత్తడి అతుకు, పుట్టుమచ్చంత.

"ఈడ బొక్క ఉండాలె. ఎవరు మూసిండ్రు?"

"నేనే," అన్నాడు ఈరేశ్ గర్వంగా. "లీకుండె అవ్వా. నీళ్ళు చిమ్ముతుండె. ఎంత సాఫుగ మూసిన్నో జూడు, గోరు బెట్టినా తగలదు."

"మంచిగ మూసినవ్ నాయనా. మనిషి ముక్కు గుడ మూస్తవా గిట్లనే?"

పెళ్ళయి వచ్చిన నెలకు బసన్న ఆమె వేలు పట్టుకుని అక్కడ ఆనించాడు. ఆవగింజ పట్టేంత రంధ్రం. దెబ్బ పడగానే సన్నగా నీళ్ళు చిమ్మి, మరుక్షణం వేలి తోలును లోపలికి పీల్చింది. ఆమె ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. అతను నవ్వాడు. ఆ రోజు అతను చెప్పిన మాటలనే ఆమె ఇప్పుడు ఇంజనీరుకు చెప్పింది.

"గుమ్మటంల ఉన్న గాలిని నీళ్ళు కొంచెం కొంచెం తింటయి సారూ. తిన్నంత గీ బొక్కకెల్లి పీల్చుకుంటది. దీన్ని మూస్తె మూడు దినాలల్ల కడుపు నిండ నీళ్ళయితయి."

చెన్నకేశవరావు ఆమె ముఖంలోకి చూశాడు. మెల్లగా మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"అవునమ్మా," అన్నాడు. "సదివిన సంగతే. కండ్ల ముందర పెట్టుకొని మరిసిన." తరువాత ఈరేశ్ వైపు తిరిగాడు. "పంపు ఆపు. చేతి డ్రిల్లు తే."

రెప్ప కింద చెక్క దూర్చారు. గుమ్మటం అడుగున మర బిరడా విప్పితే నీళ్ళు బుసకొట్టుకుంటూ వచ్చాయి. అడుగు నుంచి కొన దాకా నీళ్ళే. గుక్కెడు గాలి లేదు. ఆఖరి చుక్కలు కారిపోయాక, బయటి గాలి ఆ మర దారిన లోపలికి పోయింది. మునిగినవాడు పైకి తేలి మొదటిసారి పీల్చినట్టు పొడుగ్గా ఒక చప్పుడు. ఈరేశ్ చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అతను మళ్ళీ నవ్వలేదు.

తన అతుకును తానే తొలిచాడు. మర బిగించాడు. అంబమ్మ చెక్క తీయించి, తడి పాదంతో రెప్పను తొక్కింది. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు. ఐదోసారి ఆమె తొక్కకముందే అది కొట్టుకుంది.

తడి గుడ్డ బండకు కొట్టినట్టు, మెత్తగా.

"ఒక తుమ్మముల్లు తెంపుకరా," అంది ఈరేశ్‌తో. "దినాం పొద్దున గీ బొక్కల ఒక్కసారి గుచ్చి తియ్యాలె. నాచు బడతది. ఇనుప చువ్వ బెట్టకు, పెద్దగైతది. ముల్లే మంచిది."

"నువ్వున్నవ్ గదవ్వా గుచ్చనీకి."

అంబమ్మ అతను తెచ్చిన ముల్లుకు చీర అంచులోంచి లాగిన దారం కట్టి, గుమ్మటం మెడకు వేలాడదీసింది. ముడి గట్టిగా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసింది.

మధ్యాహ్నం ఎండ గుంతలోకి దిగేవేళకు మగవాళ్ళిద్దరూ నీళ్ళు ఎలా పడుతున్నాయో చూడడానికి గుట్ట ఎక్కారు. అంబమ్మ గోడకు వీపు ఆనించి కూర్చుంది. ఎడమచెయ్యి గుమ్మటం మీద వేసింది. కుడి వేలు రంధ్రానికి ఆనించింది. చిమ్మింది. పీల్చింది. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా ఆలస్యం లేదు. ఈసారి ఆమె వేళకే వచ్చింది. కళ్ళు మూసుకుంది.

"అవ్వా! హౌజు నిండుతున్నదే! వేలు లావు ధార!" ఈరేశ్ పైనుంచే అరుస్తూ దిగాడు. అంబమ్మ అలాగే గోడకు ఆని ఉంది. నోరు కొద్దిగా తెరిచి ఉంది. గుమ్మటం మీది ఎడమచేతి వేళ్ళు మొదటిసారి ముడతలు లేకుండా పొడిగా కనబడ్డాయి.

చెన్నకేశవరావు వంగి, గుమ్మటం మీదున్న మణికట్టు పట్టుకుని చూశాడు. నాడి ఆడుతోంది. నిదానంగా, నిబ్బరంగా ఆడుతోంది. "ఏం గాలేదు, నిద్ర వోయింది," అన్నాడు. ఈరేశ్ ఆమెను లేపబోయి చేతిని ఇనుము మీంచి ఎత్తాడు.

ఇంజనీరు వేళ్ళ కింద మణికట్టు ఆగిపోయింది. నాడి ఇనుములోనే ఉండిపోయింది.

ఈరేశ్ తలగుడ్డ విప్పి పరిచాడు. ఆమెను ఎత్తుకుని పైకి తీసుకుపోయారు. బరువే లేదని తరువాత అతను ఎవరితోనో అన్నాడు, తడి చీర బరువే కాని.

పంపు ఆపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నీడ పడిన గుంతలో, గుమ్మటం మెడ కింద దారానికి వేలాడుతున్న తుమ్మముల్లు ప్రతి దెబ్బకూ ఆ చిన్న రంధ్రం వైపు ఒరిగి, ఏదో విని, మళ్ళీ వెనక్కి వస్తోంది.